మొప్పల్లో ఉప్పు కొఠారు

ఆదివారం చేపల బజారులో రవ్వ చేపను బేరమాడుతుంటే, అమ్మే ఆమె మాటకన్నా ముందు వేలు కదుపుతుంది. బొటనవేలితో మొప్ప మూత ఎత్తి, "చూడు బిడ్డా, ఎంత ఎర్రగున్నదో! పొద్దుగాల పట్టిందే" అంటుంది. ఆ ఎరుపు చూసి మనం సంచీ చాపుతాం. ఆ మూత కింద ఏముందో నిలబడి చూసేవాళ్ళు తక్కువ. తలకాయ కొట్టేటప్పుడు మొప్పలు పీకి పిల్లుల వైపు విసిరేస్తారు.

ఈమధ్య ఒక ఆదివారం వాటిని పారేయొద్దని, విడిగా కవరులో కట్టి ఇమ్మని అడిగాను. కారణం మా ఇంట్లో ఉన్న రెండడుగుల అక్వేరియం. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లున్నాయి. ఒకటి రాళ్ళకు ఒరుసుకుని నాలుగు పొలుసులు ఊడగొట్టుకుంది. సామాను అమ్మే కుర్రాడిని అడిగితే, "ఏం కాదు సార్, గుప్పెడు కల్లుప్పు వెయ్యండి. అసలు వారం వారం వేస్తుంటే జబ్బులే రావు" అన్నాడు. మరో దుకాణంలో పెద్దాయన, "మంచినీళ్ళ చేపకు ఉప్పేంటండీ, చంపుకుంటారా?" అని కసిరాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి చేపలతో బతుకుతున్నవాళ్ళే. అయితే ఇద్దరి మాటల్లోనూ తొట్టె ఉంది, ఉప్పు ఉంది, చేప లోపలి సంగతి మాత్రం లేదు. అందుకని గోల్డ్‌ఫిష్‌కు దూరపు చుట్టమైన రవ్వ చేప మొప్పను ఇంటికి తెచ్చుకున్నాను.

పింగాణీ పళ్ళెంలో పెడితే అదొక ఎర్రటి ముద్ద. తడిసిన కుచ్చులా ముడుచుకుని ఉంది. మీద గ్లాసుడు నీళ్ళు పోశాను. ముద్ద మెల్లగా విచ్చుకుని, దువ్వెన పళ్ళలా సన్నని తంతువులు వరసగా నిలబడ్డాయి. ఒడ్డున పడ్డ చేప ఊపిరాడక ఎందుకు చస్తుందో ఆ పళ్ళెంలోనే తెలిసిపోయింది. గాలిలో ఆక్సిజన్‌కు కరువు లేదు. కానీ నీటి ఆసరా లేనిదే ఈ తంతువులు విడిగా నిలవలేవు, ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

తలకు ఒక్కో వైపు ఇలాంటి ఎముక వంపులు నాలుగుంటాయి. వంపు లోపలి అంచున పొట్టి ముళ్ళ వరస ఉంటుంది. నోట్లోకి వచ్చిన మేత మొప్పల్లోకి జారకుండా ఆపే జల్లెడ అది. బయటి అంచున తంతువులు రెండు వరసలుగా, విప్పిన పుస్తకం అట్టల్లా, కోణంగా విడిపోతాయి. ఒక వంపు తంతువుల కొసలు పక్క వంపు కొసలను తాకుతూ ఉంటాయి. దాంతో నోట్లోకి వచ్చిన నీరు ఈ తెర సందుల్లోంచి తప్ప మరో దారిలో బయటపడలేదు. ఇక ఒక్కో తంతువుకు పైనా కిందా, అడ్డంగా, పలుచని రేకులు. మిల్లీమీటరు పొడవులో ఇరవై దాకా ఉంటాయి. నా భూతద్దానికి అవి విడివిడిగా దొరకలేదు. మఖమలు మీది నూగులా ఒక మెత్తదనం మాత్రం కనిపించింది. వాటిని చూడాలంటే మైక్రోస్కోపు కావాలి.

ఆ రేకు నిర్మాణం ముచ్చటైనది. రెండు పలుచని పొరలు, వాటి మధ్య అక్కడక్కడా స్తంభాల్లాంటి కణాలు. స్తంభాల మంటపంలో జనం ఒకరి వెనక ఒకరు నడిచినట్టు ఎర్ర రక్తకణాలు ఆ సందుల్లో సాగుతాయి. రక్తానికీ బయటి నీటికీ మధ్య ఉన్న గోడ మందం కొన్ని మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని.

అసలు నేర్పు ప్రవాహాల దిక్కులో ఉంది. రేకుల మధ్య నీరు ఒక దిక్కున పారుతుంటే, రేకు లోపల రక్తం దానికి ఎదురు నడుస్తుంది. రెండూ ఒకే దిక్కున పారితే, సగం దారిలోనే నీటిలో ఆక్సిజనూ రక్తంలో ఆక్సిజనూ సమమైపోయి మార్పిడి ఆగిపోయేది. ఎదురెదురుగా పారడం వల్ల, బయటికి పోబోతున్న పేద నీటికి అంతకన్నా పేద రక్తం ఎదురవుతుంది. దాదాపు నిండిన రక్తానికి అప్పుడే లోపలికొచ్చిన కొత్త నీరు ఎదురవుతుంది. రేకు పొడవునా, ఎక్కడ చూసినా, నీటి వైపే కాస్త ఎక్కువ. అనువైన పరిస్థితుల్లో కొన్ని చేపలు నీటిలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా ఇలా లాక్కుంటాయి. మన ఊపిరితిత్తులు పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌లో పావు వంతు తీసుకుంటే గొప్ప. నోరు తోసే పంపు, మొప్ప మూత లాగే పంపు. ఈ రెండూ వంతులు తప్పకుండా పనిచేయడంతో ఆ ప్రవాహం దాదాపు తెగకుండా నడుస్తుంది. తొట్టెలో చేప ఊరికే నోరు తెరిచి మూస్తున్నట్టు మనకు కనిపించేది ఈ జంట పంపు పనే.

ఇంత పలుచని గోడ కట్టుకున్నందుకు చేప పన్ను కడుతుంది. ఆక్సిజన్ లోపలికి రాగల గోడలోంచి నీరూ వస్తుంది, ఉప్పూ పోతుంది. ఆసుపత్రిలో మనకు ఎక్కించే సెలైన్ బాటిల్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మంచినీటి చేప రక్తం చిక్కదనం దానికి దగ్గర్లోనే, కాస్త తక్కువగా ఉంటుంది. చుట్టూ ఉన్న నీటిలో మాత్రం ఉప్పు నామమాత్రం. అందుకని నీరు క్షణం ఆగకుండా ఒంట్లోకి ఊరుతూ ఉంటుంది, ఉప్పు బయటికి కారుతూ ఉంటుంది. మంచినీటి చేప నీళ్ళు దాదాపు తాగదు, తాగే అవసరమే లేదు. ఊరిన నీటిని మూత్రపిండాలు తోడిపోస్తాయి. గోల్డ్‌ఫిష్ లాంటి చేప రోజుకు తన బరువులో మూడో వంతు దాకా మూత్రం పోయగలదు. 60 కిలోల మనిషి రోజుకు 20 లీటర్లు పోసినట్టు! మూత్రనాళాలు దారిలోనే ఉప్పును వెనక్కి ఏరుకుంటాయి కాబట్టి అది బాగా పలుచగా ఉంటుంది. ఎంత ఏరుకున్నా కొంత పోతుంది. మొప్పల్లోంచి కారేది సరేసరి.

ఆ పోయిన ఉప్పు తిరిగి ఎక్కడి నుంచి వస్తుంది? కొంత మేతలోంచి. మిగిలినది ఉప్పు లేనట్టే ఉన్న ఆ నీటిలోంచే. డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ (రక్తకేశనాళికల మీద పనికి 1920లో నోబెల్ అందుకున్నాయన) 1930ల చివర్లో దీన్ని చూపించాడు. చేపలను ఉప్పు లేని నీటిలో ఉంచి, ఒంట్లో ఉప్పు తరిగేలా చేసి, ఆపైన అతి పలుచని ఉప్పునీటిలో వదిలాడు. అవి ఆ నీటిలోంచి క్లోరైడ్‌ను వాలుకు ఎదురుగా లోపలికి లాక్కున్నాయి. దీనికి ముందే, 1932లో, ఆన్సెల్ కీస్, ఎడ్వర్డ్ విల్మర్ ఈల్ చేప మొప్పలో ప్రత్యేకమైన కణాలను గుర్తించి, ఉప్పు రవాణా చేసేవి ఇవేనన్నారు. తర్వాతి రోజుల్లో మనుషుల తిండి, గుండె జబ్బుల పరిశోధనతో పేరుపొందిన కీస్ ఇతనే.

ఆ కణాలు తంతువు మీద, రేకుల మొదళ్ళ దగ్గర, పలుచని కణాల మధ్య పీపాల్లా కూర్చుని ఉంటాయి. కడుపు నిండా మైటోకాండ్రియాలు, అంటే ఇంధనం మండించే పొయ్యిలు. కణం అడుగున, రక్తం వైపు, ఒక పంపు నిరంతరం తిరుగుతుంది: మూడు సోడియంలను రక్తంలోకి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తీసుకుంటుంది. (ఈ పంపును జెన్స్ స్కౌ 1957లో పీత నరాల్లో కనిపెట్టాడు. 1997లో నోబెల్ వచ్చింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ నడుస్తున్నదీ ఇదే.) దాంతో కణం లోపల సోడియంకు ఎప్పుడూ కొరతే.

నీటి వైపున జరిగే పని చూస్తే పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె గుర్తొస్తుంది. చేపకు పనికిరాని సరుకు ఒకటుంది: ఊపిరి వదిలేటప్పుడు పోవలసిన కార్బన్ డయాక్సైడ్. కణంలోని ఒక ఎంజైమ్ దాన్ని నీటితో కలిపి రెండు ముక్కలు చేస్తుంది. ఒకటి హైడ్రోజన్ అయాను, రెండోది బైకార్బొనేట్. మొదటిదాన్ని బయటికి పంపి దానికి మారుగా సోడియం తీసుకుంటుంది. రెండోదాన్ని ఇచ్చి క్లోరైడ్ తీసుకుంటుంది. సోడియం, క్లోరైడ్ రెండూ కలిస్తే మన వంటింటి ఉప్పు. ఎలాగూ పారేయాల్సిన ఊపిరి చెత్తతో చేప తన ఉప్పు కొనుక్కుంటోంది!

కోస్తాలో ఉప్పు మడులున్న చోటుని ఉప్పు కొఠారు అంటారు. నౌపడలోనో చినగంజాంలోనో సముద్రపు నీటిని ఎండకు ఎండబెట్టి ఉప్పు తీస్తారు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఎండ ఊరికే వస్తుంది. ఇక్కడ, మొప్పలో, ఎండ లేదు, నీటిలో ఉప్పు లేదు, ఉప్పు మాత్రం తయారవుతోంది.

ఈ కొఠారును తిరగేసి నడిపే చేపలూ ఉన్నాయి. మన పులస అలాంటిది. బంగాళాఖాతంలో ఉన్నప్పుడు దాని పేరు ఇలస. వరదకు గోదావరి ఎర్రబడగానే నదిలోకి ఎదురీది, ధవళేశ్వరం ఆనకట్ట వైపు వస్తుంది, పేరు మారుతుంది, ధర మారుతుంది. ఎవరూ చెప్పుకోని మూడో మార్పు మొప్పల్లో జరుగుతుంది. సముద్రంలో చేపకు కష్టం తలకిందులు. చుట్టూ తనకన్నా ఉప్పటి నీరు, ఒంట్లో నీరు బయటికి పోతుంటుంది. కాబట్టి సముద్రపు నీరు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్ప కణాలతో బయటికి తోసేస్తుంది. నదిలోకి రాగానే, తోసే కొఠారు మూసి లాగే కొఠారు తెరవాలి. పులస కోసం పుస్తెలమ్మే సంగతి తెలియదు గానీ, పులుసులో వేసేముందు ఆ మొప్పలకొక నమస్కారం పెట్టవచ్చు.

ఇప్పుడు గోల్డ్‌ఫిష్ దగ్గరికి వద్దాం. పొలుసులు ఊడి, జిగురు పొర చెదిరిన చోట గోడకు కన్నం పడినట్టే. అక్కడ నీరు మరింత ఊరుతుంది, ఉప్పు మరింత కారుతుంది. వలతో తరిమినా ఇదే జరుగుతుంది. బెదిరిన చేప రేకుల్లోకి రక్తం ఎక్కువ పంపుతుంది, ఆక్సిజన్ పెరుగుతుంది, దాంతోపాటే కారుడూ పెరుగుతుంది. ఇలాంటప్పుడు లీటరుకు ఒక గ్రాము ఉప్పు ఏం చేస్తుంది? లోపలికీ బయటికీ ఉన్న తేడాను తొమ్మిదో వంతో ఎనిమిదో వంతో తగ్గిస్తుంది. అంతే. నేను మొదట ఈ లెక్క వేసి నిరాశపడ్డాను. కానీ రెండో వైపు లెక్క వేరు. కొఠారు కణాలకు అందే సోడియం, క్లోరైడ్‌లు మామూలు కుళాయి నీటితో పోలిస్తే ఎన్నో రెట్లు పెరుగుతాయి. కారేది కాస్త తగ్గి, కొనుక్కునేది బాగా చవకవుతుంది. మిగిలిన శక్తి గాయం మానడానికి వెళుతుంది. చేపలను దూరం తరలించేటప్పుడు నీటిలో లీటరుకు ఐదు గ్రాముల దాకా కలపడానికీ కారణం ఇదే.

అన్నిటికన్నా కచ్చితమైన ఉప్పు పని ఇంకొకటుంది. కొత్తగా పెట్టిన తొట్టెలో, ఫిల్టర్‌లో మంచి బ్యాక్టీరియా స్థిరపడేలోగా, నైట్రైట్ పేరుకుంటుంది. మొప్ప కణంలో క్లోరైడ్‌ను లోపలికి తెచ్చే తలుపు ఒకటుందని చెప్పాను కదా, నైట్రైట్ ఆ తలుపులోంచే, క్లోరైడ్ వేషంలో, దూరుతుంది. రక్తంలోకి వెళ్ళి హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. ఎర్రగా ఉండవలసిన మొప్ప చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప నోరు తెరిచి పైకి తేలుతుంది. ఉప్పు వేస్తే క్లోరైడ్ గుంపు తలుపు దగ్గర కిక్కిరిసి నైట్రైట్‌కు సందు దొరకదు. ఈల్ లాంటి కొన్ని చేపల మొప్పలో ఈ క్లోరైడ్ తలుపు అంతగా పనిచేయదు. వాటికి నైట్రైట్ విషం కూడా అంత తొందరగా ఎక్కదు. తలుపే లేని గోడకు దొంగతాళం చెవి ఎందుకు?

దీనికి ఎంత ఉప్పు కావాలో చూస్తే నవ్వొస్తుంది. నైట్రైట్‌కు పదింతలు క్లోరైడ్ ఉంటే చాలని చేపల పెంపకంలో ఒక లెక్క. 50 లీటర్ల తొట్టెలో లీటరుకు 2 మిల్లీగ్రాముల నైట్రైట్ ఉందనుకుందాం. అంటే లీటరుకు 20 మిల్లీగ్రాముల క్లోరైడ్, మొత్తం ఒక గ్రాము. ఉప్పులో 60 శాతం క్లోరైడే కాబట్టి ఒకటిన్నర గ్రాము పైచిలుకు ఉప్పు. టీ చెంచాలో మూడో వంతు! మన బోరు నీళ్ళలో అంత క్లోరైడ్ చాలాసార్లు ముందే ఉంటుంది. తాగునీటి ప్రమాణమే లీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. పైగా బోరు నీటిలోని కాల్షియం మొప్ప కణాల మధ్య అతుకులను బిగించి కారుడును తగ్గిస్తుంది. కఠినజలమని మనం తిట్టుకునే నీరు చేపకు సగం మందు. ఆర్.ఓ. నీళ్ళు పోసి, మళ్ళీ ఉప్పు కొని తెచ్చే వాళ్ళను చూస్తే ఏమనాలో తెలియదు.

(ఒక చిన్న జాగ్రత్త: క్లోరైడ్ వేరు, మునిసిపల్ నీళ్ళలో కలిపే క్లోరిన్ వేరు. క్లోరిన్‌ను ఉప్పు పోగొట్టదు. దానికి హైపో గుళికలున్నాయి.)

తెల్లమచ్చ జబ్బుకు ఉప్పు పనిచేసే తీరు ఇంకో రకం. చేప ఒంటి మీద రవ్వ గింజల్లా కనపడే తెల్ల చుక్కల్లో ఒక ఏకకణ జీవి ఉంటుంది. చర్మం లోపల ఉన్నంతసేపు దానికి ఉప్పు తగలదు. ఎదిగాక రాలి, అడుగున గూడు కట్టుకుని, వందల పిల్లలుగా చీలుతుంది. అప్పుడూ తగలదు. ఆ పిల్లలు గూడు విడిచి, మరో చేపను వెతుక్కుంటూ ఈదే ఒకటి రెండు రోజులే అది దొరికే సమయం. అందుకే లీటరుకు రెండు మూడు గ్రాముల మోతాదును రెండు వారాల పాటు ఉంచుతారు. చుక్కలు పోయాయి కదా అని మూడో రోజు నీళ్ళు మార్చేసేవాళ్ళకు జబ్బు తిరగబెడుతుంది. పైన అంటుకునే పరాన్నజీవులకు లీటరుకు 30 గ్రాముల ఘాటు ముంపు వేరే ఉంది. అది నిమిషాల పని, పక్కన నిలబడి చూస్తూ చేయాలి. చేప ఒరిగితే వెంటనే తీసేయాలి.

మరి ఆ కుర్రాడు చెప్పినట్టు వారం వారం వేస్తే? నియాన్ టెట్రాను అడగండి. దాని చుట్టాలు ఈదే అమెజాన్ ప్రాంతపు రియో నెగ్రో నీటిలో లవణాలు వాననీటి లెక్కలో ఉంటాయి. ఆ చేపల మొప్పలు ఉప్పును అతి తక్కువగా కారనిచ్చి, దొరికిన చిటికెడునూ వదలకుండా పట్టేలా కుదిరాయి. అంత పొదుపరి ఇంట్లోకి బస్తాలు దించడం సాయం కాదు. మోలీ సంగతి వేరు, అది సముద్రపు నీటికి కూడా అలవాటు పడగలదు. ఇక తొట్టెలో పెంచే మొక్కల్లో చాలావాటికి లీటరుకు ఒకటి రెండు గ్రాములు దాటితే ఆకులు కుళ్ళుతాయి. కాబట్టి నా మటుకు నేను తేల్చుకున్నది: ఒళ్ళు బాగున్న చేపకు ఉప్పు అక్కర్లేదు. గోడ చెదిరినప్పుడు, తలుపులో దొంగ దూరినప్పుడు, తూచి వేయాలి, మళ్ళీ తీసేయాలి.

తూచడమే అసలు పని. గుప్పెడు ఒక్కో చేతికి ఒక్కో బరువు. మా తొట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. నిండా పోస్తే 54 లీటర్లు. పై అంచు ఖాళీ, అడుగున గులకరాళ్ళు తీసేస్తే 45. లీటరుకు గ్రాము చొప్పున 45 గ్రాములు. కిరాణా కొట్టు కల్లుప్పు చాలు. అయోడిన్ ఉన్న ఉప్పుతో చేప చస్తుందన్న భయానికి ఆధారం లేదు, అందులో అయోడిన్ కిలోకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఎప్సం సాల్ట్ మాత్రం పేరుకే ఉప్పు, అది మెగ్నీషియం సల్ఫేట్, దాని పని వేరు. రాళ్ళను నేరుగా తొట్టెలో వేయకూడదు. అడుగున కరిగే చోట నీరు ఘాటెక్కి, అక్కడ పడుకునే చేపకు ఒళ్ళు మండుతుంది. మగ్గులో తొట్టె నీళ్ళే తీసుకుని, పూర్తిగా కరిగించి, మూడు విడతలుగా ఒక రోజంతా పోశాను.

చాలామంది తడబడేది ఆ తర్వాత. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. ఎండాకాలం తొట్టె తగ్గిందని నీళ్ళు నింపినప్పుడల్లా ఉప్పు కూడా వేస్తే రెండు నెలల్లో తొట్టె చెరువు కాదు, ఉప్పు సముద్రం. ఆవిరైన నీటికి బదులు ఉత్త నీరు పోయాలి. బయటికి తోడి పారబోసిన నీటికి మాత్రమే, మోతాదు నిలబెట్టాలనుకుంటే, అంత నీటికి తగ్గ ఉప్పు వేయాలి.

పన్నెండు రోజులకు చేప ఒంటి మీద ఊడిన చోట పలుచని పొర కట్టింది. కొత్త పొలుసుల అంచులు వెలుగులో లేతగా మెరుస్తున్నాయి. ఇప్పుడు నాలుగు రోజులకోసారి ఐదో వంతు నీరు తీసి, ఉప్పు లేని నీరు పోస్తున్నాను. గ్రాము కాస్తా మొదటిసారికి 0.8 అయింది, రెండోసారికి 0.64, మూడోసారికి సగం. నేను తీసేస్తున్న ఉప్పును అది తన మొప్పలతో ఏరుకోవడం మళ్ళీ మొదలుపెట్టి ఉంటుంది. బయటికి ఏమీ కనపడదు. నోరు తెరుచుకుంటుంది, మూత పడుతుంది. నోరు మూసుకుంటుంది, మూత లేస్తుంది.